పసుపు దారం కట్టిన కాయ

శ్రావణం వచ్చిందంటే అంజమ్మ కుడిచేతి బొటనవేలి గోరు పెంచడం మొదలుపెడుతుంది. మిగతా వేళ్ల గోళ్లు ఎప్పుడూ అరిగిపోయే ఉంటాయి. ఆ ఒక్క గోరే ఆమె పనిముట్టు. మరునాడు విచ్చుకోబోయే పత్తి మొగ్గను ఎడమచేత్తో పట్టుకుని, ఆ గోటితో చుట్టూ ఒక్క గీత గీసి, రేకులతోపాటు పుప్పొడి తొడుగును కూడా ఒలిచి తీసేస్తుంది. మధ్యలో నిలిచే సన్నని ఆడ భాగానికి చిన్న గాటు కూడా పడకూడదు. పడితే కాయ నిలవదు. తొడుగులో రవ్వంత మిగిలినా ఆ మొగ్గ తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అప్పుడు అది విత్తనానికి పనికిరాదు.

గద్వాల నుంచి గట్టు వెళ్లే దారిలో ఉన్న ఆ ఊళ్లో సగం చేలు సీడు పత్తివే. ఒక చేలో కొన్ని సాళ్లు ఆడ మొక్కలు, ఒక పక్కగా మగ మొక్కలు వేస్తారు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలుస్తారు. మరునాటి ఉదయం మగ మొక్కల పువ్వులు కోసి తెచ్చి, ఒలిచిన మొగ్గలకు రుద్దుతారు. ఆ పనిని క్రాసింగ్ అంటారు. అలా పుట్టిన గింజను కంపెనీ సంకర విత్తనంగా దేశమంతా అమ్ముతుంది. అంజమ్మ ఒక క్రాసింగ్ గుంపుకు మేస్త్రి. హన్మంతు అనే రైతు చేలో చాలా ఏళ్లుగా ఆమె గుంపే పనిచేస్తోంది.

సీడు పత్తిలో ఆడవాళ్ల పని ఎలా సాగుతుందో అధ్యయనం చేయడానికి ఒక పరిశోధన సంస్థ నన్ను అక్కడికి పంపింది. మొదటి రోజున అంజమ్మ నన్ను చేను గట్టు మీదే ఆపింది.

"పిల్లలను లెక్కపెట్టనీకి వచ్చినవా?"

బాలకార్మికుల లెక్కకు కాదని, పెద్దవాళ్ల పని గురించి తెలుసుకోవడానికే వచ్చానని చెప్పాను.

"పెద్దోళ్ల పని ఎవలకు గావాలె? కంపెనీ మనిషివైతే ముందే చెప్పు. చాయ్ తాగినంక చెప్తే మంచిగుండదు."

"కంపెనీ మనిషిని కాదు."

"కంపెనీ మనుషులు గూడ గట్లనే అంటరు అత్తా" అంది వెనక సాలులో ఉన్న ఒక యువతి, తల ఎత్తకుండానే. అందరూ నవ్వారు. ఆ యువతి వనజ. గద్వాలలోని నేతగాళ్ల ఇంటి ఆడపడుచు. పుట్టింట్లో మగ్గం మీద పట్టు పోగులు అతికిన చేతులతో, పెళ్లయి ఈ ఊరికి వచ్చాక పత్తి మొగ్గలు ఒలుస్తోంది. గుంపులో అందరికన్నా కొత్తది. ఆమెను "మగ్గం మీది చెయ్యి" అని ఎగతాళి చేసేవాళ్లు. ఒలవడంలో ఆమెకు అంత వేగం లేదు కానీ, దారం ముడి వేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

దారం సంగతి ఇక్కడ చెప్పాలి. మగ పువ్వు రుద్దిన ప్రతి మొగ్గ కాడకూ ఒక పోగు కడతారు. కాయ పగిలినప్పుడు దారం ఉన్న కాయలను మాత్రమే విత్తనానికి ఏరుతారు, దారం లేనివి వేరే కుప్ప. ఆ పోగులను వనజే పుట్టింటి నుంచి తెచ్చేది. మగ్గం దిగిన చీరల నుంచి మిగిలిన తునకలు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఏది ఉంటే అది.

పని మొదలైన మంగళవారం మాత్రం ఇంకో దారం కనిపించింది. అది పసుపులో తడిపిన నూలుపోగు. ప్రతి ఆడ మొక్కకూ తొలిగా విచ్చుకోబోయే మొగ్గను ఎవరూ ముట్టలేదు. దానికి పసుపు దారం కట్టి దండం పెట్టుకుని ముందుకు సాగారు. అది ఊరి దేవత ఈదమ్మకు వదిలిన మొగ్గ. దాని కాయ పగిలాక ఆ దూదిని విడిగా తీసి, ఏడాది పొడవునా గుడి దీపానికి వత్తులు చేస్తారు. నేను దాన్ని చూశాను, ఆచారమని గుర్తించాను, పనుల వివరంలో చేర్చలేదు. వాళ్లూ దాన్ని పని అనలేదు.

సాయంత్రమైతే అంజమ్మ ఒక్కొక్కరి సాలు వెనక నడిచేది. మొగ్గలు వంచి చూసేది. తొడుగు మిగిలి ఉంటే ఏమీ అనేది కాదు, ఆ మనిషి పేరు పెట్టి పిలిచి, మొగ్గ వైపు వేలు చూపేది. పిలుపు వినబడగానే మిగతావాళ్లంతా తమ మొగ్గలు మరోసారి చూసుకునేవాళ్లు. వనజ పేరు ఎక్కువసార్లు వినబడేది. ఆ సంగతి గుంపులో అందరికీ గుర్తుండిపోయింది.

మాఘంలో ఆర్గనైజర్ నిరంజన్ బండి మీద వచ్చాడు. ఆర్గనైజర్ అంటే రైతుకూ కంపెనీకీ మధ్య మనిషి. మూల విత్తనం తెచ్చి ఇచ్చేదీ, పండిన గింజను తీసుకెళ్లేదీ, ఏ గుంపును పనిలో పెట్టాలో చెప్పేదీ అతనే. హన్మంతు అప్పుడే పెబ్బేరు సంత నుంచి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నిరంజన్ ఫోనులో ఒక బొమ్మ తీసి అతని ముందు పెట్టాడు. నల్లటి నేల మీద తెల్లటి అడ్డగీతల వరసలు.

"హన్మంతన్నా, నీ సీడు ఫెయిలైంది. వంద గింజలు చూస్తే ఏడింటికి తల్లి పోలికే ఉంది, తండ్రి పోలిక లేదు. అంటే మీ ఆడోళ్లు మొగ్గలు సక్కగ ఒలవలే."

కబురు విని అంజమ్మ అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

"మొగ్గలు ఒలవక ఏం జేసినం సారూ, సాళ్లల్ల కూసోని పాటలు పాడినమా?"

"నేను అంటలేనమ్మా. మిషను అంటున్నది."

"ఏ ఊరి మిషను?"

"హైదరాబాదుది."

"హైదరాబాద్ మిషనుకు మా చేతులు ఎట్ల గనవడ్డయి?"

హన్మంతుకు నవ్వు రాబోయి ఆగింది. నిరంజన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఈ గుంపుతోటి ఇగ గాదు. వచ్చే ఏడు వేరే దిక్కు నుంచి మనుషులను తెస్త" అన్నాడు. ఆ మాట హన్మంతుతో అన్నా, చూపు మాత్రం అంజమ్మ మీదే ఉంది.

ఒక గుంపు ఒలిచిన గింజ ఫెయిలైందని తెలిస్తే మరో రైతు ఆ గుంపును పిలవడు. ఏ మేస్త్రి వెనక వెళితే పని దొరుకుతుందో చూసుకుని ఆడవాళ్లు కూడా మారిపోతారు. అంజమ్మ ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన పేరు ఆ ఒక్క బొమ్మతో పోయేలా ఉంది. బొమ్మ చూసినవాళ్లలో దాన్ని చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"గింజ మార్చిండ్రు" అంది అంజమ్మ ఆ సాయంత్రం నాతో. "మా ముందలనే సంచి కుట్టిండ్రు. దారిల ఎన్ని చేతులు మారిందో ఎవలు జూసిండ్రు? కంపెనీకి సీడు వద్దనుకున్న ఏడు ఫెయిల్, కావాలనుకున్న ఏడు పాస్."

ఆ అనుమానం నాకూ సహేతుకంగానే తోచింది. నిరంజన్ చూపినది ఒక బొమ్మ మాత్రమే. అది ఏ చేను గింజదో చెప్పే ఆధారం అందులో ఏదీ లేదు. అయితే నమూనా తీసిన రోజునే అదే గింజతో ఒక చిన్న సంచి కుట్టి, ముద్ర వేసి రైతు దగ్గర కూడా ఉంచుతారు. హన్మంతు దాన్ని బియ్యం గోళెంలో దాచాడు. ముద్ర చెదరలేదు. నాతో హాస్టల్లో ఉండి చదువుకున్న దీపిక హైదరాబాదులో ఒక విత్తన పరీక్షశాలలో పనిచేస్తోంది. ఆ కంపెనీతో దానికి సంబంధం లేదు. ఆమెకు ఫోన్ చేశాను.

ఆమె వివరించినది ఇంతే. ప్రతి మొక్క డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒక చిన్న తునక వరసగా తిరిగి తిరిగి వస్తుంది. ఎన్నిసార్లు తిరిగి వస్తుందనేది రకాన్ని బట్టి మారుతుంది. పత్తి రకాల మధ్య ఉన్న వైవిధ్యాన్ని పరిశోధకులు కొలిచేది ఇలాంటి చోట్ల ఆధారంగానే. సంకర విత్తనం విషయానికి వస్తే, తల్లిలో ఆ తునక పొట్టిగానూ తండ్రిలో పొడవుగానూ ఉండే చోటును ఎంచుకుంటారు. అదే మాలిక్యులర్ మార్కర్. ఆ చోటును యంత్రంలో లక్షల నకళ్లుగా పెంచి, జిగురు పలక మీద పరుగెత్తిస్తే పొట్టి తునక ముందుకు పోతుంది, పొడవుది వెనకపడుతుంది. తల్లికి ఒక గీత, తండ్రికి మరోచోట ఇంకో గీత. సరైన సంకర గింజకు రెండు గీతలూ ఉండాలి. తల్లి గీత ఒక్కటే ఉంటే ఆ గింజకు తండ్రి లేడు, తల్లే తన పుప్పొడితో కాయ కట్టింది.

"కంపెనీ గింజ మార్చి ఉంటే?" అని అడిగాను.

"అప్పుడు రైతు సంచిలోని గింజల్లో ఈ తేడా కనిపించదు, లేదా తల్లికీ తండ్రికీ సంబంధం లేని గీతలు కనిపిస్తాయి. గింజతో పాటు తల్లి మొక్క ఆకు, తండ్రి మొక్క ఆకు కూడా పంపు. పోల్చి చూస్తాను" అంది.

పత్తి ఏరడం అయిపోయినా కట్టె ఇంకా చేలోనే ఉంది. మొదళ్ల దగ్గర లేత చిగుళ్లు వచ్చాయి. నాతో రావడానికి వనజ తనంతట తానే ముందుకొచ్చింది. ఆడ సాళ్ల నుంచి కొన్ని, మగ సాళ్ల నుంచి కొన్ని చిగుళ్లు తుంచి, ఆడవాటికి ఎర్ర పోగు, మగవాటికి నీలి పోగు కట్టింది. తేమ పీల్చే గుళికల సంచిలో వాటిని వేస్తుండగా నిరంజన్‌ను అడిగి నేను తెప్పించుకున్న బొమ్మను నా ఫోనులో మరోసారి చూసి, "పడుగుల ఒక రంగు పోగు తెగినట్టున్నది" అంది. తర్వాత, "తెగింది ఎవరి చేతిలనో మరి" అంది. ఆ రెండో మాట ఎందుకన్నదో నేను అడగలేదు.

దీపిక ఫలితం పంపింది. మా గింజల్లోనూ నూటికి ఏడెనిమిది చొప్పున తల్లి గీత ఒక్కటే. పరాయి గీత ఒక్కటీ లేదు. గింజ మారలేదు, నిరంజన్ అబద్ధం చెప్పలేదు. "ఒక్క మాట జాగ్రత్త" అని కింద రాసింది. "ఈ పరీక్ష గింజకు తల్లిదండ్రులెవరో చెప్తుంది. పని చేసినదెవరో చెప్పదు."

ఈ మాటలు అంజమ్మకు చెప్పేటప్పుడు ఆమె చేటలో కందులు చెరుగుతోంది. నేను చెప్పినంతసేపూ చేట ఆగలేదు. చివరి వాక్యం ఆమె విన్నదో లేదో నాకు తెలియలేదు.

"ఆకులు తెంపింది ఎవలు?" అని మాత్రం అడిగింది.

"వనజ."

చేట ఆగింది.

కంపెనీ మీది అనుమానానికి ఇక చోటు లేకపోయింది. కానీ అనుమానం పోలేదు, గుంపులోకి వచ్చి కూర్చుంది. మర్నాటికల్లా నాకు ముగ్గురు వేర్వేరుగా ఒకే సంగతి చెప్పారు. వనజకు గోరు నిలవదు, ఆమె సాలులోనే తొడుగులు మిగిలేవి. నాలుగో మనిషి ఇంకో అడుగు ముందుకేసింది. తన తప్పు బయటపడకుండా ఆకులు మార్చి కట్టి ఉంటుందట. ఆకులు మారిస్తే ఫలితం అలా రాదని నేను వివరించాను. ఆమె ఓపికగా విని, "నీకు తెల్వదు మేడం" అంది.

అంజమ్మ అందరినీ తన వాకిట్లో కూర్చోబెట్టింది.

"మంగళారం పొద్దున ఈదమ్మ ముందల దీపం ముట్టిచ్చి, ఒక్కొక్కలు చెయ్యి వెట్టి చెప్పాలె. మొగ్గ ఒలవకుండ దారం గట్టలేదని. నేను ముందల పెడ్త."

ఒలవని మొగ్గకు కావాలని దారం కట్టి లెక్క చూపడం ఆ పనిలో అన్నిటికన్నా పెద్ద దొంగతనం. వనజ లేచి నిలబడింది.

"నేను పెట్ట."

"ఎందుకు పెట్టవే?"

"ప్రతి సందెకు నా ఎనుక నడిస్తివి గద అత్తా. నీ కండ్లతోటి జూస్తివి. మిగిలింది ఉంటే పిలిస్తివి, తీస్తి. ఇప్పుడు నీ కండ్ల మీద నమ్మకం లేక దీపం దెచ్చినవా?"

"తప్పు జేయనోళ్లకు దీపమంటే భయమెందుకు?" అంది గుంపులో పెద్దావిడ సావిత్రమ్మ.

"భయం గాదు పెద్దమ్మా. ఇయ్యాల దీపం మీద చెయ్యి వెడ్తననుకో. రేపు ఇంకోటి ఫెయిలైతే ఏం ముట్టుమంటరు, నిప్పులా?"

"గంత మాట్లాడేదానివి గుంపుల ఎందుకుండాలె?" అంది అంజమ్మ.

వనజ దారపు సంచిని అంజమ్మ కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది. ఆమె తప్పు చేసిందని అక్కడ ఎవరూ నిరూపించలేదు. ఒట్టు వేయననడమే నిరూపణ అయింది. నిరంజన్‌కు ఫోన్ చేసి, తప్పు చేసిన మనిషిని తీసేశామని చెబితే గుంపు నిలబడుతుందని సావిత్రమ్మ సలహా ఇచ్చింది. మంగళవారం ఒట్టు అయ్యాక చేద్దామని అంజమ్మ అంది.

మంగళవారం పొద్దున ఆడవాళ్లంతా స్నానాలు చేసి గుడి దగ్గరికి వచ్చారు. ఎడ్లను కట్టేసి హన్మంతు కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. ప్రమిద, నూనె సిద్ధంగా ఉన్నాయి. అమ్మవారి దూది ఉంచే డబ్బా గుడి గూట్లో ఉంటుంది. అంజమ్మ మూత తీసి, చెయ్యి పెట్టి, డబ్బాను బోర్లించి చూసింది. అడుగున నిరుటి దూది పీచు కొంచెం రాలింది.

"అమ్మోరి దూది ఏది?" అంది.

ఎవరికీ తెలియదు.

"అయిపోయిందేమో. షాపుల వత్తులు దెచ్చిన, ఇగ కానియ్యి" అని సావిత్రమ్మ చీర కొంగున ఉన్న పొట్లం విప్పబోయింది.

"ఆగు. ఈ ఏటిది ఎవలు దీసిండ్రు?"

ఈ ఏడు పత్తి ఏరే రోజుల్లో గుంపంతా అయిజ వైపు మిరపకాయలు తెంపడానికి వెళ్లింది. పత్తి ఏరడానికి హన్మంతు రాయచూరు వైపు నుంచి మనుషులను తెచ్చుకున్నాడు. అంజమ్మ అతని వైపు తిరిగింది.

"హన్మంతన్నా, పసుపు దారం కాయలు యాడ వెట్టిండ్రు?"

హన్మంతు కండువా తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"వాళ్లకేమని చెప్పినవ్?"

"దారం ఉంటే తియ్యుండ్రి అని చెప్పిన. 'దార ఇద్దరె తెగీరి' అంటి. నా కన్నడం గంతే అంజమ్మా."

"పసుపుది విడువుమని చెప్పలే?"

"అది చెప్పేదేముంది? అందరికి తెలిసిందే గద."

అతను అన్నది నిజమే. ఆ ఊళ్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ నోటితో అనలేదు. రాయచూరు వాళ్లకు దారం దారమే. పసుపుదైనా, ఎర్రదైనా ఏరి సంచిలో వేశారు. మొక్కకు ఒక్కటే కాయ కదా అనుకోవచ్చు. కానీ ఎవరూ ముట్టని మొగ్గ తన పుప్పొడితోనే నిండుగా కాస్తుంది. చేత్తో రుద్దిన కాయలో కన్నా అందులో గింజలు ఎక్కువ. అన్ని మొక్కల తొలి కాయలూ కలిస్తే నూటికి ఎన్ని గింజలవుతాయో మనసులో కట్టి చూశాను. ఏడుకు చేరువగా వచ్చింది. సరిగ్గా ఏడు అని మాత్రం నేను అనలేను.

సావిత్రమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది.

"అంజీ, ఇది ఇక్కడనే విడిసిపెట్టు. కంపెనోళ్లకు చెప్తే అమ్మోరి మొగ్గనే బంద్ జేపిస్తరు. మాట అమ్మోరి మీదికి వస్తది. వనజ ఎట్లైనా పాయె. దాని పుట్టింట్ల మగ్గముంది, బతుకుతది."

అంజమ్మ ఖాళీ డబ్బాను గూట్లో పెట్టింది. ప్రమిదలోని నూనెను తిరిగి గిన్నెలోకి వంపింది.

"తప్పు జేయని పిల్లను దొంగను జేస్తమా? దానికన్న అమ్మోరే పడుతది మాట" అంది.

ఆమె ముందుగా నిరంజన్ దగ్గరికే వెళ్లింది. రోడ్డు మీది చాయ్ హోటల్లో అతను కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పింది మొత్తం విని, గ్లాసు పక్కన పెట్టాడు.

"మొన్న కంపెనీ గింజ మార్చిందన్నరు. నిన్న ఎవరో పిల్ల తప్పు జేసిందన్నరని విన్న. ఇయ్యాల దేవుని మీదికి తోస్తుండ్రు. రేపెవరు?"

"రేపెవరు లేరు సారూ. గింతే."

"మొగ్గ ఎవరికి వదిలినా నా లెక్కల తల్లి పోలికే. ఆ ఏడు గింజలు అమ్మోరివో, మీ చేతుల నుంచి జారినయో నాకెట్ల ఎరుక?"

ఆ ప్రశ్ననే నేను దీపికకు పంపాను. చెప్పలేమని ఆమె జవాబు. వదిలేసిన మొగ్గ నుంచి వచ్చిన గింజకూ, అజాగ్రత్తగా ఒలిచిన మొగ్గ నుంచి వచ్చిన గింజకూ మార్కర్ ఒకే గీత చూపిస్తుంది. నిరంజన్ అనుమానాన్ని తీర్చే యంత్రం లేదు. అతను ఒక్క ఏడాది చూస్తానన్నాడు. పత్తి ఏరేటప్పుడు తన మనిషి చేలో ఉంటాడన్నాడు. తొలి మొగ్గలను అందరితో పాటే ఒలిచేయాలన్నాడు. అంజమ్మ ఆ చివరి షరతుకు ఔననలేదు, కాదనలేదు.

వనజ ఇంటికి ఆమె ఒక్కతే వెళ్లలేదు. గుంపునంతా తీసుకువెళ్లింది. ఎవరి ముందు వెళ్లగొట్టిందో వాళ్ల ముందే చెప్పాలనుకుంది కాబోలు. వనజ వాకిట్లో గిన్నెలు తోముతోంది. లేవలేదు.

"పసుపు దారం కాయలు సంచిల కలిసినయంట" అంది అంజమ్మ. "నీ చెయ్యి గాదు."

"నీకెట్ల తెల్సింది?"

"దూది డబ్బా ఖాళీ ఉన్నది."

"డబ్బల దూది ఉంటే?"

సావిత్రమ్మ ఏదో అనబోతే అంజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంటే గిప్పటికి నిన్ను దొంగనే అనుకుంటుంటిని" అంది చివరికి.

వనజ గిన్నెను బోర్లించి, చేతులు కడుక్కుని లేచింది. "నిజం జెప్పినవ్, గంత చాలు. వస్త. కాని ఒకటి. వచ్చే ఏడు నా సాలు ఎనుక నువ్వు నడవద్దు. నీ సాలు ఎనుక నేను నడుస్త."

ఆడవాళ్లలో ఒకరు నవ్వబోయి మానేశారు. మేస్త్రి వెనక కూలీ నడవడం ఆ ఊళ్లో ఎన్నడూ లేదు. అంజమ్మ బొటనవేలి వైపు చూసుకుంది. గోరు అరగదీసి ఉంది.

"నడువు" అంది.

మళ్లీ శ్రావణం వచ్చింది. పని మొదలైన మంగళవారం నేను గట్టు మీద ఉన్నాను. నిరంజన్ షరతు ఉన్నా తొలి మొగ్గలను ఒలవలేదు. వాటికి దారం మాత్రం కట్టలేదు. "దారం లేని కాయను వాళ్లు ఎట్లైనా సంచిల ఎయ్యరు. పగిలినంక నేనే వచ్చి దీస్త" అంది అంజమ్మ. నిరంజన్‌కు ఈ సంగతి చెప్పలేదు, నన్నూ చెప్పవద్దంది. అతను ఎన్నడు కనిపెడతాడోనన్న ఆలోచన ఆమె ముఖంలో ఆ రోజంతా ఉంది.

సందె వేళ వనజ ఆమె సాలు వెనక నడిచింది. మెల్లగా, ఒక్కొక్క మొగ్గను వంచి చూస్తూ. అంజమ్మ సాలులో ముందు ఒలుస్తూనే ఉంది. వెనక్కి తిరగలేదు కానీ అడుగుల చప్పుడు ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి కూడా ఆగుతోంది. సాలు చివరికి వచ్చేసరికి వనజ ఒక మొగ్గ దగ్గర వంగి నిలిచింది. పేరు పెట్టి పిలుస్తుందేమోనని గుంపంతా తలలెత్తి చూసింది.

వనజ పిలవలేదు. ఆ మొగ్గ అడుగున మిగిలిన తెల్లటి తొడుగు రవ్వను తన గోటితో తీసి, వేళ్ల మధ్య నలిపి కింద పడేసింది. అంజమ్మ అప్పుడు తిరిగి చూసింది. కింద పడినది కంటికి కనిపించేంత పెద్దది కాదు. నిరుడు అలాంటివి ఎన్ని మిగిలి ఉంటాయో ఇద్దరూ ఒకేసారి లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడ్డారు.

తర్వాత అంజమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని, పక్క సాలులోకి దిగింది. వనజ ఆమె వెనకే నడిచింది.